రెండు డిస్కుల మిర్రర్, పైగా ఎన్‌క్రిప్షన్: ఏది కింద, ఏది పైన?

తెరచాప

అందరికీ నమస్కారం. లినక్స్ మెషిన్‌లో కొత్తగా రెండు 4 టీబీ హార్డ్ డిస్కులు పెడుతున్నాను. ఆపరేటింగ్ సిస్టమ్ విడిగా చిన్న ఎస్ఎస్‌డీ మీద ఉంది, ఈ రెండూ డేటా కోసమే. ఒక డిస్కు పోయినా పని ఆగకూడదు. డిస్కు ఇంకొకరి చేతిలో పడినా, అది దొంగతనం కావచ్చు, వారంటీలో వెనక్కి పంపడం కావచ్చు, లోపలున్నది ఎవరూ చదవలేకపోవాలి. హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు వద్దు, అంతా సాఫ్ట్‌వేర్‌లోనే కావాలి.

చిక్కల్లా మిర్రర్, ఎన్‌క్రిప్షన్ ఈ రెండిట్లో ఏది కింద ఉండాలో తేలకపోవడమే. లినక్స్ రెయిడ్ టూల్ ఎండీఆడమ్‌తో రెయిడ్-1 (ఒకే డేటాని రెండు డిస్కుల్లోనూ ఉంచే మిర్రర్) కట్టి దాని మీద లక్స్ (లినక్స్ డిస్కు ఎన్‌క్రిప్షన్) పెట్టడం ఒక దారి. ఒక్కో డిస్కుకీ విడిగా లక్స్ పెట్టి, తెరిచాక వచ్చే రెండు డివైజులను కలిపి మిర్రర్ చేయడం ఇంకో దారి. రెండూ పనిచేస్తాయి, అది తెలుసు. డిస్కు పోయిన రోజున ఏది తక్కువ ఇబ్బంది పెడుతుందో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గుండ్రాయి

మిర్రర్ కింద, లక్స్ పైన. మీ అవసరానికి ఇంతకన్నా ఆలోచించక్కర్లేదు.

ఇలా పెడితే డేటా ఒక్కసారే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, ఆ ఎన్‌క్రిప్ట్ అయినదాన్నే ఎండీ (కెర్నల్‌లోని రెయిడ్ భాగం) రెండు డిస్కులకీ రాస్తుంది. తిరగేసి పెడితే ప్రతి రాతకీ ప్రాసెసర్ రెండుసార్లు పనిచేయాలి, పాస్‌ఫ్రేజ్ రెండు హెడర్లకి (లక్స్ తన వివరాలు, కీలు దాచుకునే మొదటి భాగాలకి) ఇవ్వాలి, కొత్త డిస్కు వచ్చినప్పుడు ముందు దానికి లక్స్ ఫార్మాట్ చేసి, తెరిచి, అప్పుడు అర్రేలో (కలిసి పనిచేసే డిస్కుల గుంపులో) చేర్చాలి. మిర్రర్ కింద ఉంటే పాడైన డిస్కు తీసేసి, కొత్తదానికి పార్టిషన్ వేసి, ఎండీఆడమ్‌తో యాడ్ కొట్టడమే. లక్స్‌కి ఆ సంగతే తెలియదు, ఫైల్ సిస్టమ్ మౌంట్ అయి ఉండగానే రీబిల్డ్ అయిపోతుంది.

రెయిడ్ తన సమాచారం రాసుకునే మెటాడేటా వెర్షన్ 1.2 అలాగే ఉంచండి, అదే డిఫాల్ట్. 1.0 పెడితే రెయిడ్ సమాచారం పార్టిషన్ చివర్లోకి పోతుంది కాబట్టి ఒక్కో డిస్కు మొదట్లోనే లక్స్ హెడర్ కనిపిస్తుంది. ఏదైనా టూల్ అది చూసి అర్రేని పక్కనపెట్టి ఒక్క డిస్కునే నేరుగా తెరిచి రాసేస్తే రెండు కాపీలూ వేరైపోతాయి. డేటా అర్రేకి ఆ తలనొప్పి అనవసరం.

మూడోకన్ను

గుండ్రాయి గారు చెప్పిన పద్ధతే నేనూ చాలామందికి చెప్తాను. కానీ అది దేన్నుంచి కాపాడదో కూడా తెలిసి ఎంచుకోవాలి.

డిస్కు మొత్తంగా చచ్చిపోతే, లేదా ఒక సెక్టార్ చదవలేక ఎర్రర్ ఇస్తే, ఎండీ రెండో డిస్కు నుంచి తెస్తుంది, పాడైన చోట తిరిగి రాస్తుంది కూడా. ఇబ్బంది ఎప్పుడంటే డిస్కు ఎర్రర్ ఇవ్వకుండా తప్పు డేటా ఇచ్చినప్పుడు. రెయిడ్-1లో చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టిచ్చే చిన్న లెక్క) లేదు. మామూలుగా చదివేటప్పుడు ఎండీ ఏదో ఒక డిస్కునే చదువుతుంది, రెండూ పోల్చి చూడదు. నెలకోసారి చెక్ నడిపితే రెండు కాపీల మధ్య తేడా ఉందని మిస్‌మ్యాచ్ కౌంట్‌లో ఒక అంకె చూపిస్తుంది, అంతే. ఏది సరైనదో దానికి తెలిసే దారి లేదు. రిపేర్ అని చెప్తే ఒక కాపీని తీసుకుని రెండోదాని మీద రాసేస్తుంది. మంచి కాపీ మీద చెడ్డది పడే అవకాశం కూడా అంతే ఉంది.

దీనికి ఎన్‌క్రిప్షన్ కలిస్తే ఇంకో మెలిక. లక్స్ డిఫాల్ట్‌గా వాడేది ఏఈఎస్-ఎక్స్‌టీఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి. అందులో డిస్కు మీద ఒక్క బిట్ మారినా, తెరిచినప్పుడు ఆ 16 బైట్ల బ్లాక్ మొత్తం చెత్తగా వస్తుంది. లక్స్ వెనక పనిచేసే కెర్నల్ భాగం డీఎం-క్రిప్ట్ ఎర్రర్ చెప్పదు, ఎందుకంటే ఎక్స్‌టీఎస్‌లో డేటా సరైనదేనా అని నిర్ధారించే భాగమే లేదు. ఎక్స్‌టీ4 లాంటి ఫైల్ సిస్టమ్ మీ ఫైళ్లలోని డేటాకి చెక్‌సమ్ పెట్టదు. కాబట్టి మూడు పొరలూ నోరు మూసుకుని ఉంటాయి, ఫోటో తెరిచిన రోజున సగం బూడిద రంగులో కనిపిస్తుంది.

తెరచాప

ఇది చదివాక నిజంగా టెన్షన్ మొదలైంది. మిర్రర్ ఉంటే రెండు కాపీల్లో మంచిదే తీసుకుంటుందని అనుకునేవాళ్లే ఎక్కువ. మరి దీనికి విరుగుడు డీఎం-ఇంటిగ్రిటీ అంటారు కదా, అది ఎక్కడ పెట్టాలి?

మూడోకన్ను

ప్రతి డిస్కు మీదా, మిర్రర్ కింద. కింది నుంచి పైకి: డిస్కు, దాని మీద డీఎం-ఇంటిగ్రిటీ, ఆ రెండిటిని కలిపి ఎండీ రెయిడ్-1, దాని మీద లక్స్, ఆపైన ఫైల్ సిస్టమ్. ఇంటిగ్రిటీని మిర్రర్ పైన పెడితే తప్పు జరిగిందని తెలుస్తుంది కానీ రెండో కాపీని అడిగే వీలుండదు, ఆ పని చేయగలిగేది ఎండీ ఒక్కటే, అది అప్పటికే కింద ఉండిపోయింది.

పనిచేసేది ఇలా. డీఎం-ఇంటిగ్రిటీ ప్రతి సెక్టార్‌కీ ఒక చెక్‌సమ్ (డిఫాల్ట్‌గా సీఆర్‌సీ32సీ) పక్కన దాచిపెడుతుంది. చదివేటప్పుడు కలవకపోతే తప్పు డేటా ఇవ్వకుండా రీడ్ ఎర్రర్ ఇస్తుంది. ఎండీకి అర్థమయ్యే భాష అదొక్కటే. ఎర్రర్ రాగానే రెండో డిస్కు నుంచి తెచ్చి పైకి ఇచ్చి, చెడిన చోట సరైనది రాస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఫైళ్లతో చిన్న ప్రయోగం చేసి చూడండి. రెండు ఖాళీ ఫైళ్లు లూప్ డివైజులుగా (డిస్కుల్లా పనిచేసే ఫైళ్లుగా) పెట్టి, పైన చెప్పిన వరుసలో అంతా కట్టి, లోపల కొన్ని పెద్ద ఫైళ్లు పెట్టి వాటి ఎస్‌హెచ్‌ఏ-256 హాష్‌లు (ఫైళ్ల వేలిముద్రల్లాంటివి) రాసిపెట్టుకోండి. తర్వాత అంతా మూసేసి, ఒక లూప్ ఫైల్ మధ్యలో డీడీ కమాండ్‌తో ర్యాండమ్ చెత్త కొన్ని మెగాబైట్లు రాయండి. మళ్లీ తెరిచి అర్రే మీద చెక్ నడపండి. కెర్నల్ లాగ్‌లో చెక్‌సమ్ ఫెయిల్ అయిందని ఇంటిగ్రిటీ లైన్లు వరుసగా పడతాయి, ఆ చోట్లని ఎండీ సరిచేస్తుంది. ఫైళ్ల హాష్‌లు అన్నీ కలుస్తాయి. అదే ప్రయోగం ఇంటిగ్రిటీ లేకుండా చేస్తే లాగ్‌లో ఎర్రర్ లైన్లేమీ ఉండవు, హాష్ కలుస్తుందా లేదా అన్నది ఆ క్షణంలో ఎండీ ఏ డిస్కు నుంచి చదివిందో దాన్నిబట్టి ఉంటుంది. ఈ రెండు లాగ్‌లూ పక్కపక్కన చూస్తే ఇక నేను వాదించాల్సిన పని ఉండదు.

ఖర్చు కూడా చెప్పాలి. డిఫాల్ట్ జర్నల్ మోడ్‌లో ప్రతి డేటా ముందు జర్నల్‌లోకి, తర్వాత అసలు చోటికి రెండుసార్లు వెళ్తుంది, రాసే వేగం దాదాపు సగానికి పడిపోతుంది. బిట్‌మ్యాప్ మోడ్‌లో వేగం బాగుంటుంది కానీ కరెంటు పోయి ఆగినప్పుడు అప్పుడు రాస్తున్న ప్రాంతాల చెక్‌సమ్‌లు కొత్తగా లెక్కేసుకుంటుంది, ఆ ప్రాంతంలో అప్పటికే ఏదైనా చెడి ఉంటే దాన్నే సరైనదిగా ఒప్పుకుంటుంది. మొదటిసారి ఫార్మాట్ చేసేటప్పుడు డిస్కు మొత్తం తుడుస్తుంది. సెకనుకి 150 ఎంబీ వేగం అనుకుంటే 4 టీబీకి ఏడున్నర గంటలు.

గుండ్రాయి

మూడోకన్ను గారూ, మీరు చెప్పింది ఒక్క ముక్క కూడా కాదనను, కానీ ఇంట్లో ఒక మెషిన్‌కి ఐదు పొరలు కట్టమనడం నాకు ఒప్పుదల కాదు. డిస్కు పోయిన రోజు మనిషి కంగారులో ఉంటాడు. కొత్త డిస్కు మీద ముందు ఇంటిగ్రిటీ ఫార్మాట్ చేయాలి, తర్వాత తెరవాలి, తర్వాత ఆ పేరుతోనే అర్రేలో చేర్చాలి. కంగారులో పొరపాటున ముడి డిస్కునే చేరిస్తే సైజు తేడా వచ్చి తీసుకోకపోతే సరే. తీసుకుంటే ఒక కాలు మీద చెక్‌సమ్ లేని మిర్రర్ తయారవుతుంది. తక్కువ పొరలు ఉన్న ఏర్పాటులో మనిషి చేసే తప్పులు తక్కువ, నేను చూసినంతలో పోయిన డేటాలో ఎక్కువ భాగం మనుషుల చేతుల్లోనే పోయింది.

ఫైళ్లకి ఒక హాష్ జాబితా పెట్టుకుని, బ్యాకప్ విడిగా ఉంచుకుంటే బిట్ రాట్‌కి (డేటా చప్పుడు లేకుండా చెడిపోవడానికి) అది చాలు.

వెన్నెలదారి

ఇద్దరి మాటా నెగ్గే దారి ఒకటుంది. చెక్‌సమ్, మిర్రర్ రెండూ ఫైల్ సిస్టమ్‌కే అప్పగించేయండి, బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్ఎఫ్ఎస్ అలా చేయగలవు.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే ఒక్కో డిస్కుకీ లక్స్ పెట్టి, రెండూ తెరిచి, పైన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రెయిడ్-1. ఇక్కడ మీరు అడిగిన రెండో దారే సరైన దారి అవుతుంది, ఎందుకంటే కాపీలు రెండు ఉన్నాయన్న సంగతి చెక్‌సమ్ చూసేవాడికి తెలియాలి. ఎండీ మీద ఒక్క లక్స్ పెట్టి దానిమీద బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పెడితే చెడిందని చెప్తుంది కానీ బాగుచేయలేదు. రెండు పాస్‌ఫ్రేజ్‌ల బాధ అంత పెద్దదేం కాదు, రెండిటికీ ఒకటే పెడితే బూట్ నడిపే సిస్టమ్‌డీ మొదటిసారి కొట్టినదాన్నే రెండోదానికీ ప్రయత్నిస్తుంది. రెండు డిస్కులకీ కీలు వేరు, హెడర్లు వేరు.

జెడ్ఎఫ్ఎస్ అయితే ఎన్‌క్రిప్షన్ లోపలే ఉంది, 2019లో వచ్చిన 0.8 నుంచి. రెండు డిస్కులతో మిర్రర్ పూల్ చేసి, అందులోని డేటాసెట్‌కి (విడి ఫైల్ సిస్టమ్‌కి) ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయడమే. దాని అందం ఏంటంటే కీ లోడ్ చేయకుండానే స్క్రబ్ (డేటా అంతా చదివి సరిచూడడం), రీసిల్వర్ (కొత్త డిస్కుని నింపడం) నడుస్తాయి, చెక్‌సమ్ ఎన్‌క్రిప్ట్ అయిన డేటా మీదే ఉంటుంది కాబట్టి. కానీ డేటాసెట్ల పేర్లు, స్నాప్‌షాట్ల పేర్లు, ఎంత జాగా వాడారు లాంటివి బయటికి కనిపిస్తాయి. అది కూడా దాచాలనుకుంటే లక్స్ మీదే జెడ్ఎఫ్ఎస్ పెట్టుకోవాలి.

రెండు లక్స్‌ల పద్ధతిలో ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి, ఎండీ పెట్టినా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పెట్టినా. రెండూ తెరుచుకున్నాకే పై పొర మొదలవ్వాలి. ఒకటే తెరుచుకుంటే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ డీగ్రేడెడ్ (ఒక డిస్కు లేకుండా) అని మీరు చెప్తే తప్ప మౌంట్ కాదు, అది మంచిదే. ఎండీ అలా కాదు, కాసేపు ఎదురుచూసి ఒక్క కాలితోనే లేచి నిలబడుతుంది, మీకు తెలియకుండా రోజంతా ఒకే డిస్కు మీద రాసుకుంటూ పోతుంది.

పాతకీబోర్డు

లినక్స్ గురించే మాట్లాడుతున్నారు కాబట్టి ఓపెన్‌బీఎస్‌డీ (ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వైపు సంగతి కూడా ఇక్కడ ఉండనివ్వండి, వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి పనికొస్తుంది. అక్కడి రెయిడ్ వ్యవస్థ సాఫ్ట్‌రెయిడ్‌లో రెయిడ్-1 విడిగా, క్రిప్టో విడిగా ఎప్పటినుంచో ఉన్నాయి. ఒకదాని మీద ఇంకొకటి పేర్చడానికి మద్దతు లేదని మాన్యువల్‌లోనే రాసి ఉంది. కొందరు చేతితో పేర్చి వాడుకునేవాళ్లు, కానీ బూట్‌లో పై పొర తనంతట తాను కలవదు, బూట్ స్క్రిప్టులో దాని టూల్ బయోసీటీఎల్‌ని పిలవాల్సి వచ్చేది.

2021 మేలో వచ్చిన 6.9లో ఈ రెండిటినీ కలిపి రెయిడ్-1సీ అని ఒకే డిసిప్లిన్ (రెయిడ్ రకం) పెట్టారు. బయోసీటీఎల్‌కి రకం దగ్గర వన్‌సీ అని చెప్పి రెండు రెయిడ్ పార్టిషన్లు ఇస్తే చాలు, పాస్‌ఫ్రేజ్ ఒక్కసారి అడుగుతుంది, కొత్త డివైజ్ ఒకటి వస్తుంది. లోపల జరిగేది గుండ్రాయి గారు చెప్పినదే, ఒకసారి ఎన్‌క్రిప్ట్ చేసి రెండు చోట్లా రాయడం. డిస్కు మార్చాక రీబిల్డ్ కూడా అదే టూల్‌తో. పొరలు ఎక్కువైతే మనిషి తప్పు చేస్తాడన్న మాటకి ఇంతకన్నా శుభ్రమైన జవాబు నేను చూడలేదు. చెక్‌సమ్ మాత్రం ఇందులోనూ లేదు.

చిన్నపడవ

నాదొక సందేహం. మిర్రర్ మీద ఒక్కటే లక్స్ ఉంటే హెడర్ కూడా ఒక్కటే కదా? ఏ ఇన్‌స్టాలరో, ఏ పార్టిషన్ టూలో దాని మీద రాసేస్తే మిర్రర్ ఆ చెత్తని రెండు డిస్కులకీ నమ్మకంగా కాపీ చేస్తుంది. అప్పుడు డిస్కులు రెండూ బాగానే ఉండి డేటా మాత్రం పోయినట్టేనా?

గుండ్రాయి

పోయినట్టే. పాస్‌ఫ్రేజ్ గుర్తున్నా లాభం లేదు, ఎందుకంటే పాస్‌ఫ్రేజ్ నేరుగా డేటాని తెరవదు, హెడర్‌లోని కీస్లాట్‌లో దాగున్న అసలు కీని తెరుస్తుంది. లక్స్2 (ఇప్పటి లక్స్ వెర్షన్) హెడర్ డిఫాల్ట్‌గా 16 ఎంబీ ఉంటుంది. అందులో వివరాలు రాసిన భాగానికి రెండు కాపీలు ఉంటాయి కానీ కీస్లాట్ల డేటా ఉన్న ప్రాంతం ఒక్కటే. అది చెరిగితే ఇక దారి లేదు.

అందుకే లక్స్ ఫార్మాట్ అయిన వెంటనే, ఫైల్ సిస్టమ్ కూడా వేయకముందే, లక్స్ టూల్ క్రిప్ట్‌సెటప్‌తో లక్స్ హెడర్ బ్యాకప్ తీసి ఈ మెషిన్‌లో కాకుండా వేరే చోట పెట్టండి. తీసుకునేది 16 ఎంబీ, ఇంతకన్నా చవకైన బీమా లేదు.

మూడోకన్ను

చిన్నపడవ గారి ప్రశ్నకి ఇంకో కొస ఉంది. హెడర్ బ్యాకప్‌లో తీసిన రోజు నాటి పాస్‌ఫ్రేజ్ బతికే ఉంటుంది. వారంటీకి పంపిన పాత డిస్కులోనూ అంతే. అర్రేలోంచి తీసిన డిస్కు మీద ఆరోజు నాటి లక్స్ హెడర్ పూర్తిగా ఉంటుంది. మీరు తర్వాత పాస్‌ఫ్రేజ్ మార్చినా ఆ డిస్కులోది మారదు. పాస్‌ఫ్రేజ్ మారినా అసలు కీ మారదు కాబట్టి, పాత డిస్కు, పాత పాస్‌ఫ్రేజ్ రెండూ ఒకరి చేతిలో పడితే వాళ్లకి దొరికేది ఇప్పటి మిర్రర్‌కి కూడా పనికొచ్చే కీ.

పాస్‌ఫ్రేజ్ గట్టిగా ఉండి, ఎవరికీ తెలియలేదనుకుంటే బాధ లేదు, లక్స్2 పాస్‌ఫ్రేజ్‌కి ఆర్గాన్2 అనే కావాలనే బరువుగా చేసిన లెక్క వాడుతుంది, ఊహించి కొట్టడం చాలా ఖరీదైన పని. కానీ పాస్‌ఫ్రేజ్ బయటపడిందన్న అనుమానంతో మార్చుతుంటే మార్చడం సరిపోదు, క్రిప్ట్‌సెటప్ రీఎన్‌క్రిప్ట్ నడపాలి. లక్స్2లో అది డివైజ్ వాడుకలో ఉండగానే చేసుకోవచ్చు. ఒక్కో డిస్కుకీ వేరే లక్స్ ఉన్న పద్ధతిలో ఈ కొస లేదు, పాత డిస్కు కీ ఆ డిస్కుతోనే పోతుంది. రెండో దారికి నాకు అన్నిటికన్నా నచ్చిన కారణం ఇదే.

తెరచాప

చాలా విషయాలు తేలాయి, అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన లూప్ ఫైళ్ల ప్రయోగం రెండు రకాలుగానూ చేశాను, ఇంటిగ్రిటీ ఉన్న లాగ్ చూశాక వెనక్కి వెళ్లబుద్ధి కాలేదు. అలాగని ఐదు పొరలూ మోయలేను. రెండు లక్స్‌లు, పైన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రెయిడ్-1 వైపు మొగ్గుతున్నాను. రెండు ప్రశ్నలు మిగిలాయి. ప్రతిదీ రెండుసార్లు ఎన్‌క్రిప్ట్ అవడం వల్ల వేగం ఎంత తగ్గుతుంది? ఇంకోటి, పాస్‌ఫ్రేజ్ ప్రతిసారీ కొట్టకుండా ఎస్ఎస్‌డీ మీద కీఫైల్ పెట్టి బూట్‌లో తానే తెరుచుకునేలా చేయవచ్చా?

వెన్నెలదారి

వేగం గురించి మర్చిపోండి. క్రిప్ట్‌సెటప్ బెంచ్‌మార్క్ అని కొట్టి ఏఈఎస్-ఎక్స్‌టీఎస్ వరుస చూడండి. ప్రాసెసర్‌లో ఏఈఎస్ ఇన్‌స్ట్రక్షన్లు ఉంటే సెకనుకి వెయ్యి ఎంబీ దాటి చూపించడం మామూలే. హార్డ్ డిస్కు 200 దగ్గర ఆయాసపడుతుంది. రెండుసార్లు చేసినా ప్రాసెసర్‌కి తెలియను కూడా తెలియదు. ఎన్‌వీఎంఈ (చాలా వేగమైన ఎస్ఎస్‌డీ) డిస్కులైతే లెక్క వేరు, అక్కడ లినక్స్ 5.9లో వచ్చిన వర్క్‌క్యూ తప్పించే ఆప్షన్లు చూడాల్సి వస్తుంది. మీకు అక్కర్లేదు.

మూడోకన్ను

కీఫైల్ సంగతికి జవాబు మీ మొదటి పోస్టులోనే ఉంది. వారంటీకి పంపిన డిస్కు ఎవరూ చదవకూడదు అన్నంతవరకూ కీఫైల్ సరిపోతుంది, కీ ఎస్ఎస్‌డీలో ఉండిపోతుంది కాబట్టి. దొంగ డిస్కు ఊడదీసుకుని పోడు, మెషిన్ మొత్తం ఎత్తుకుపోతాడు. ఎస్ఎస్‌డీ ఎన్‌క్రిప్ట్ కాకుండా ఉంటే తాళంచెవి గుమ్మానికి తగిలించి పెట్టినట్టే. స్వాప్, తాత్కాలిక ఫైళ్లు, థంబ్‌నెయిల్స్ కూడా ఆ ఎస్ఎస్‌డీ మీదే పడతాయి, వాటిలో మీ ఫైళ్ల ముక్కలు ఉంటాయి. కీని టీపీఎం చిప్‌లో (మెషిన్‌లోనే కీలు దాచే చిప్‌లో) దాచినా పిన్ లేకపోతే ఎత్తుకుపోయిన మెషిన్ ఆన్ చేయగానే తానే తెరుచుకుంటుంది.

మీ ఏర్పాటులో ఒక సుఖం ఉంది. డేటా మాత్రమే ఈ డిస్కుల మీద ఉంది కాబట్టి బూట్‌కి వీటితో పని లేదు. క్రిప్ట్‌ట్యాబ్‌లో, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏవి తెరవాలో, మౌంట్ చేయాలో చెప్పే ఫైళ్లు) నోఆటో, అంటే తానే తెరవొద్దని, పెట్టి మెషిన్‌ని మామూలుగా లేవనివ్వండి, తర్వాత ఎస్‌ఎస్‌హెచ్‌లో వచ్చి పాస్‌ఫ్రేజ్ కొట్టండి. స్వాప్‌ని మాత్రం ప్రతి బూట్‌కీ ర్యాండమ్ కీతో ఎన్‌క్రిప్ట్ అయ్యేలా పెట్టండి.

పాతకీబోర్డు

నోఆటో పెట్టేవాళ్లు ఒకటి చూసుకోవాలి. మెషిన్ లేచింది, మీరు ఇంకా పాస్‌ఫ్రేజ్ కొట్టలేదు, ఈలోగా రాత్రి నడిచే ఏదో సింక్ ప్రోగ్రామ్ ఆ ఖాళీ డైరెక్టరీలోకి రాసేస్తుంది. అంటే ఎన్‌క్రిప్ట్ కాని ఎస్ఎస్‌డీ మీదకి. మౌంట్ అయ్యాక అవి కింద దాగిపోతాయి, కనిపించవు కూడా. మౌంట్ చేయకముందు ఆ ఖాళీ డైరెక్టరీకి సీహెచ్‌ఆట్టర్ కమాండ్‌తో ప్లస్ ఐ (ఎవరూ రాయలేకుండా) పెట్టేయండి, సర్వీసులకి సిస్టమ్‌డీలో ఆ మౌంట్ ఉంటేనే మొదలవ్వమని చెప్పండి.

తెరచాప

రెండూ పెట్టాను. మౌంట్ లేకుండా రాయబోతే రూట్‌కి కూడా అనుమతి లేదని అక్కడే ఆగిపోయింది. రెండు హెడర్ల బ్యాకప్‌లూ వేరే చోటికి చేరాయి. ఒక డిస్కు కేబుల్ తీసి చూస్తే, వెన్నెలదారి గారు అన్నట్టే డీగ్రేడెడ్ అని చెప్పేదాకా మౌంట్ కాలేదు. కేబుల్ తిరిగి పెట్టాక మొదలుపెట్టిన స్క్రబ్ ఇంకా నడుస్తోంది, ఇప్పటివరకు ఎర్రర్లు సున్నా.

వెన్నెలదారి

డీగ్రేడెడ్‌లో ఉన్నప్పుడు కొత్తగా ఏమైనా రాశారా? రాసి ఉంటే స్క్రబ్ పూర్తయ్యాక బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ యూసేజ్ కొట్టి సింగిల్ అని ఏ వరుసైనా కనిపిస్తుందేమో చూడండి. కనిపిస్తే ఆ భాగానికి ఒకే కాపీ ఉందని అర్థం, స్క్రబ్ దాన్ని రెండు చేయదు. రెయిడ్-1కి మార్చమని సాఫ్ట్ ఫిల్టర్‌తో బ్యాలెన్స్ (డేటాని తిరిగి సర్దే కమాండ్) నడిపితే ఆ భాగాలు మాత్రమే మళ్లీ రాస్తుంది, 4 టీబీ అంతా కదలదు.